ఓసీఐ కార్డుతో హైదరాబాద్‌లో ఫ్లాట్: ఎక్కడ ఏ కాగితం అడిగారు, పని ఎక్కడ ఆగింది

అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్లు ఇండియాలో ఇల్లు కొనొచ్చా అని ఎవర్ని అడిగినా "ఓసీఐ ఉందిగా, కొనుక్కోవచ్చు" అంటారు. ఓసీఐ అంటే భారతీయ మూలాలున్న విదేశీ పౌరులకు ఇండియా ఇచ్చే కార్డు. నిజమే. కానీ ఆ ఒక్క మాట పట్టుకుని దిగితే మధ్యలో చాలాచోట్ల ఆగిపోతాం. 2024 నవంబరులో నేను ఫ్లాట్ చూడటం మొదలుపెట్టాను, 2025 జూన్‌లో రిజిస్ట్రేషన్ అయింది. ఈ ఏడెనిమిది నెలల్లో కొనే హక్కు గురించిన సందేహంతో ఆగింది ఒక్కసారే. మిగతా ఆలస్యమంతా ఈ రూపాయి ఏ ఖాతాలోంచి వస్తోంది, ఎవరి ఖాతాకు వెళ్తోంది, దానికి రుజువేది అన్న ప్రశ్నల దగ్గరే. అందుకే ఇందులో ఫ్లాటు గురించి తక్కువ, డబ్బు దారి గురించి ఎక్కువ ఉంటుంది. ఇందులోని పన్ను సెక్షన్లు, ఫారం నంబర్లు, రేట్లు నేను కొన్న 2025 నాటివి.

చట్టం గీసిన గీత చిన్నదే. ఫెమా (విదేశీ మారక నిర్వహణ చట్టం) కింద 2019 అక్టోబరులో వచ్చిన నాన్ డెట్ ఇన్‌స్ట్రుమెంట్స్ రూల్స్‌లో ఒక అధ్యాయం స్థిరాస్తి గురించి ఉంది. ఎన్‌ఆర్‌ఐ అయినా ఓసీఐ అయినా ఇల్లు, ఫ్లాటు, ఇంటి స్థలం, దుకాణం కొనవచ్చు. ఎన్ని కొనాలన్న పరిమితి లేదు. ఆర్‌బీఐకి అర్జీ పెట్టక్కర్లేదు, కొన్నాక ఏ ఫారమూ పంపక్కర్లేదు. కొనకూడనివి మూడే: వ్యవసాయ భూమి, ఫామ్‌హౌస్, ప్లాంటేషన్ తోటలు. ఓసీఐ లేకుండా, భారతీయ మూలాలూ లేకుండా విదేశంలో ఉండే విదేశీయుడైతే మామూలుగా కొనలేడు, ఐదేళ్లకు మించని లీజుకు మాత్రం తీసుకోవచ్చు.

ఈ గీతను మొదటి వారంలోనే దాటించబోయింది ఒక బ్రోకరు. నగర శివార్లలో గుంటల లెక్కన అమ్మే ఫామ్ ప్లాట్లు చూపించాడు. గేటు, క్లబ్‌హౌస్, లోపల రోడ్లు, మామిడి మొక్కలు అన్నీ ఉన్నాయి. చూడ్డానికి వెంచర్‌లాగే ఉంటుంది. కానీ రిజిస్ట్రేషన్ అయ్యాక చేతికొచ్చేది పట్టాదారు పాస్‌పుస్తకం. అంటే అది వ్యవసాయ భూమే, ఓసీఐ కొనకూడదు. నాలా కన్వర్షన్ (వ్యవసాయ భూమిని వ్యవసాయేతరంగా మార్చడం) జరిగి, లేఅవుట్ అనుమతి వచ్చి, గజాల్లో రిజిస్టర్ అయ్యేదైతేనే ఇంటి స్థలం. "కన్వర్షన్ తర్వాత చేయిస్తాం" అన్న మాటకు విలువ లేదు. కొనే రోజున ఆ భూమి రికార్డులో ఏమని ఉందన్నదే లెక్క.

కుదరదనగానే వచ్చే రెండో సలహా "అమ్మగారి పేరు మీద పెట్టేయండి సార్, అందరూ అదే చేస్తున్నారు" అన్నది. అందరూ చేస్తున్నమాట నిజమే కావచ్చు, కానీ అది బినామీ. 2016లో సవరించిన చట్టం ప్రకారం, మనకు తెలిసిన ఆదాయంతో భార్య లేదా భర్త పేరునో పిల్లల పేరునో కొంటే మినహాయింపు ఉంది. తల్లిదండ్రులు, తోబుట్టువుల విషయంలో మాత్రం దస్తావేజులో మన పేరు కూడా ఉమ్మడిగా ఉంటేనే ఆ మినహాయింపు. వ్యవసాయ భూమి మీద మన పేరు పెట్టలేం కాబట్టి ఆ దారి మూసుకుపోయినట్టే. శిక్ష ఏడాది నుంచి ఏడేళ్ల దాకా కఠిన జైలు, ఆస్తి మార్కెట్ విలువలో పాతిక శాతం దాకా జరిమానా, ఆపైన ఆస్తి జప్తు. ఫెమా ఉల్లంఘనకు వేరుగా, లావాదేవీ మొత్తానికి మూడు రెట్ల దాకా జరిమానా పడొచ్చు. అమ్మకు డబ్బు నిజంగానే ఇచ్చేసి, ఆ పొలాన్ని ఆవిడే కొనుక్కుని, ఆవిడే అనుభవిస్తే అది వేరే సంగతి.

ఇదే చోట ఇంకో మాట. ఊళ్లో పొలం ఉన్న పెద్దవాళ్లు "బతికుండగానే పిల్లలకు రాసేద్దాం" అనుకుంటారు. పిల్లలు ఓసీఐలైతే పొలాన్ని గిఫ్ట్ సెటిల్‌మెంట్ చేయడానికి వీల్లేదు. వీలునామా ద్వారానో వారసత్వంగానో మాత్రమే రావాలి. వచ్చిన పొలాన్ని ఉంచుకోవచ్చు, అమ్మాలంటే మాత్రం ఇండియాలోనే నివసించేవాళ్లకే అమ్మాలి. ఫ్లాటునో ఇంటినో మాత్రం దగ్గర బంధువులు ఓసీఐకి గిఫ్ట్ ఇవ్వొచ్చు. మా ఇంట్లో ఈ విషయం తెలిశాక సెటిల్‌మెంట్ ఆలోచన మానుకుని వీలునామాకు మళ్లారు.

డిసెంబరులో మియాపూర్ వైపు ఒక రీసేల్ ఫ్లాటు కుదిరింది. ధర కోటీ ఇరవై లక్షలు. ఈసీ (ఆస్తి మీద అప్పులు, పాత లావాదేవీలు చూపే పత్రం), లింక్ డాక్యుమెంట్లు, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, ఆస్తి పన్ను రసీదులు ఎవరు కొన్నా చూసుకునేవే, వాటి జోలికి పోను. ఆక్యుపెన్సీ వచ్చిన పాత ఫ్లాటు కావడం వల్ల జీఎస్టీ లేదు. కట్టుబడిలో ఉన్నదైతే మామూలు ఫ్లాటుకు 5 శాతం అదనం.

బేరం కుదిరిన రోజే నగదు మాట వచ్చింది. కొంత వైట్, కొంత క్యాష్. ఓసీఐ విషయంలో ఇది ధర్మాధర్మాల చర్చ దాకా కూడా పోదు, రూల్లోనే తేలిపోతుంది. విదేశం నుంచి బ్యాంకు ద్వారా వచ్చిన సొమ్ముతోగాని, ఎన్‌ఆర్‌ఈ, ఎన్‌ఆర్‌ఓ, ఎఫ్‌సీఎన్‌ఆర్ ఖాతాల్లోని సొమ్ముతోగాని మాత్రమే చెల్లించాలి. ఎన్‌ఆర్‌ఈ అంటే విదేశీ సంపాదన వేసుకునే రూపాయి ఖాతా, ఎన్‌ఆర్‌ఓ అంటే ఇండియాలో వచ్చే ఆదాయం వేసుకునే ఖాతా, ఎఫ్‌సీఎన్‌ఆర్ అంటే విదేశీ కరెన్సీ డిపాజిట్. డాలర్ నోట్లు, ట్రావెలర్స్ చెక్కులు పనికిరావు. పైగా స్థిరాస్తి లావాదేవీలో 20,000 రూపాయలు, ఆ పైన నగదుగా తీసుకుంటే తీసుకున్నవాళ్లకు అంతే మొత్తం జరిమానా అని ఆదాయపు పన్ను చట్టం చెబుతోంది. ఈ రెండో ముక్క అమ్మేవాళ్లకు చెబితే బేరం తొందరగా దారికొస్తుంది. మొత్తం ధర దస్తావేజులో చూపిస్తే స్టాంపు ఖర్చు పెరుగుతుంది గానీ, రేపు మనం అమ్ముకునే రోజున కొన్న ధర పూర్తిగా రికార్డులో ఉంటుంది.

డబ్బు ఏ ఖాతాలోంచి ఇవ్వాలన్నది నాకు ఎక్కువ ఆలోచన పెట్టింది. ఎన్‌ఆర్‌ఈలోంచి ఇస్తే, తర్వాత ఫ్లాటు అమ్మినప్పుడు అలా పెట్టినంత సొమ్మును నేరుగా బయటికి తీసుకెళ్లొచ్చు. ఇళ్ల విషయంలో ఈ వెసులుబాటు జీవితంలో రెండింటికే. ఎన్‌ఆర్‌ఓలోంచి ఇచ్చినదీ, అమ్మగా వచ్చిన లాభమూ ఏడాదికి పది లక్షల డాలర్ల పరిమితి కింద, సీఏ సర్టిఫికెట్‌తో పోవాలి. ఎన్‌ఆర్‌ఈ నుంచి ఎన్‌ఆర్‌ఓకు ఒక్కసారి మార్చారంటే ఆ సొమ్ము ఎన్‌ఆర్‌ఓ సొమ్మే. చెక్కుబుక్ ఎన్‌ఆర్‌ఓది చేతిలో ఉంది కదా అని దాంతో ఇచ్చేస్తే నష్టం ఆ రోజు కనబడదు, పదేళ్ల తర్వాత కనబడుతుంది.

నాన్న కొంత సాయం చేస్తానన్నారు. ఆయన ఖాతాలోంచి నేరుగా అమ్మేవాళ్లకు ఇవ్వకూడదు, అది నా నాన్-రెసిడెంట్ ఖాతాలోని సొమ్ము కాదు కాబట్టి. ఇండియాలో ఉండే దగ్గర బంధువు, ఎల్‌ఆర్‌ఎస్ (ఇండియాలో ఉండేవాళ్లు బయటికి డబ్బు పంపే ఆర్‌బీఐ పథకం) కింద ఏడాదికి ఉన్న రెండున్నర లక్షల డాలర్ల పరిమితికి లోబడి, రూపాయల్లో నా ఎన్‌ఆర్‌ఓ ఖాతాకు గిఫ్ట్ పంపొచ్చు. అలాగే చేశారు. బ్యాంకు గిఫ్ట్ డిక్లరేషన్ అడిగింది. ఆ సొమ్మును స్టాంపు డ్యూటీకి వాడి, ఫ్లాటు ధరలో లోన్ పోగా మిగిలిందంతా ఎన్‌ఆర్‌ఈలోంచి కట్టాను. అలా కట్టాలన్నది నా ఆలోచనే, చట్టం అలా విడదీయమని చెప్పదు.

అమెరికా నుంచి వచ్చిన ప్రతి వైరుకూ బ్యాంకు నుంచి ఇన్‌వర్డ్ రెమిటెన్స్ అడ్వైస్ (సొమ్ము విదేశం నుంచి వచ్చిందన్న రుజువు పత్రం) తీసుకోవాలి. అడిగితేనే ఇస్తారు. పాతవి అడిగితే తవ్వి తీయడానికి వారాలు పడుతుంది. పంపే యాప్‌లకు రోజువారీ, నెలవారీ పరిమితులుంటాయి కాబట్టి రిజిస్ట్రేషన్ వారంలో ఒకేసారి పంపుదామంటే కుదరదు. నేను జనవరి నుంచే విడతలుగా పంపాను. రేటు కాస్త అటూ ఇటూ అయింది, కానీ ఆఖరి నిమిషంలో కాళ్లు వణకలేదు.

నా భార్యకు భారతీయ మూలాలు లేవు, అప్పటికి ఓసీఐ కార్డు కూడా లేదు. ఆవిడ పేరు కలపాలనుకున్నాం. రూల్స్‌లో దారి ఉంది: పెళ్లి రిజిస్టరై, కొనే నాటికి కనీసం రెండేళ్లుగా కొనసాగుతూ ఉంటే, ఎన్‌ఆర్‌ఐ లేదా ఓసీఐ భర్తతో గానీ భార్యతో గానీ ఉమ్మడిగా ఒకే ఒక్క ఆస్తి కొనవచ్చు. కానీ ఆవిడకు ఫారం 49ఏఏ మీద పాన్ తీసుకోవాలి, మ్యారేజ్ సర్టిఫికెట్‌కు అపోస్టిల్ (వేరే దేశంలో చెల్లేలా ప్రభుత్వం వేసే ధ్రువీకరణ) వేయించాలి, పైగా కింద చెప్పే టీడీఎస్ (కొనేవాడు ధరలోంచి పన్ను కోసి ప్రభుత్వానికి కట్టడం) తతంగం అంతా రెండింతలవుతుంది. కొనేవాళ్లు ఇద్దరు, అమ్మేవాళ్లు ఇద్దరు అయితే చలాన్లు నాలుగు. ఒంటరి పేరుతోనే కానిచ్చాం. ఆ ఒక్క అవకాశాన్ని ఈ ఫ్లాటు మీద ఖర్చు చేయడం నాకూ ఇష్టం లేకపోయింది.

హక్కు గురించి ఆగింది బ్యాంకు దగ్గర. 50 లక్షల హోమ్ లోన్‌కు పెట్టాను. అమెరికా క్రెడిట్ రిపోర్టు, రెండేళ్ల పన్ను రిటర్నులు, జీతం స్లిప్పులు, ఓసీఐ కార్డు రెండు వైపులా కాపీ ఇచ్చాక సాంక్షన్ రావడానికి మూడు వారాలు పట్టింది. ఆపైన బ్యాంకు తరఫున పత్రాలు చూసే ప్యానెల్ లాయరు లీగల్ ఒపీనియన్‌లో ఒక వాక్యం రాశాడు: విదేశీ పౌరుడు కాబట్టి ఆర్‌బీఐ అనుమతి పత్రం జతచేయాలి. కడుపులో రాయి పడ్డట్టయింది, అలాంటి పత్రం ఎవరూ ఇవ్వరు కాబట్టి.

ఈ అనుమానం ఊరికే పుట్టలేదు. 2021 ఫిబ్రవరి 26న సుప్రీంకోర్టు ఇచ్చిన ఒక తీర్పులో, విదేశీ పౌరుడు ఆర్‌బీఐ ముందస్తు అనుమతి లేకుండా చేసిన ఆస్తి బదిలీ చెల్లదన్నారు. అయితే ఆ కేసు ఫెమాకు ముందున్న 1973 నాటి ఫెరా చట్టం కిందిది. ఆ చట్టం ఎప్పుడో రద్దయింది. గందరగోళం పెరగడంతో 2021 డిసెంబరు 29న ఆర్‌బీఐ పత్రికా ప్రకటన ఇచ్చింది: ఓసీఐలకు 2019 రూల్సే వర్తిస్తాయి, వ్యవసాయ భూమి, ఫామ్‌హౌస్, ప్లాంటేషన్ కాకుండా మిగతా వాటికి ముందస్తు అనుమతి అక్కర్లేదు. 2021 మార్చి 4 నాటి హోంశాఖ నోటిఫికేషన్‌లోనూ ఇళ్ల కొనుగోలు విషయంలో ఓసీఐలకు ఎన్‌ఆర్‌ఐలతో సమానత ఉందని ఉంది. ఈ రెండూ ప్రింటు తీసి, సంబంధించిన పేరా కింద గీత గీసి పంపాను. లాయరు ఒపీనియన్ మార్చి ఇచ్చాడు. అయితే అందుకు పది రోజులకు పైగా పోయాయి. లోన్ పెట్టేవాళ్లు ఈ రెండు కాగితాలూ మొదటి రోజే దరఖాస్తుతో కలిపి ఇచ్చేస్తే మంచిది.

లోన్‌లో ఇంకో చిన్న సంగతి. స్టాంపు, రిజిస్ట్రేషన్ ఖర్చును బ్యాంకు ఆస్తి విలువలో కలపదు, అదంతా చేతినుంచే పెట్టాలి. ఈఎంఐని ఎన్‌ఆర్‌ఈ ఖాతా నుంచే కట్టేలా పెట్టాను. లోన్‌ను విదేశీ సొమ్ముతో తీర్చినంత మేర కూడా తర్వాత బయటికి తీసుకెళ్లే లెక్కలోకి వస్తుంది.

అసలు పని ఆగింది అమ్మేవాళ్ల వైపు. ఫ్లాటు అన్నదమ్ములిద్దరిది, చెరి సగం. అన్న హైదరాబాద్‌లోనే, తమ్ముడు ఆస్ట్రేలియాలో. బ్రోకరు ఈ సంగతిని చిన్న విషయంలా చెప్పాడు. మొత్తం కొనుగోలులో నా ఖర్చునూ సమయాన్నీ అన్నిటికంటే ఎక్కువ తిన్నది ఇదే.

అన్న వాటా 60 లక్షలు. ఆయన రెసిడెంట్ కాబట్టి 1 శాతం, అంటే 60,000 టీడీఎస్, నా పాన్‌తోనే ఫారం 26క్యూబీ మీద కట్టేస్తే సరి. 50 లక్షల గీత ఫ్లాటు మొత్తం ధరకు చూస్తారు, ఒక్కొక్కరి వాటాకు కాదు. కొనేవాడు విదేశంలో ఉన్నాడా లేదా అన్నది ఇక్కడ లెక్కలోకి రాదు.

తమ్ముడు నాన్-రెసిడెంట్. ఆయన పాస్‌పోర్టు ఏ దేశానిదన్నది కాదు, ఆ ఆర్థిక సంవత్సరంలో పన్ను లెక్కలో రెసిడెంటా కాదా అన్నదే ప్రశ్న. నాన్-రెసిడెంట్ అయితే సెక్షన్ 195 (నాన్-రెసిడెంట్‌కు చెల్లించేటప్పుడు పన్ను కోయాలన్నది) వర్తిస్తుంది. దీర్ఘకాలిక లాభం మీద 12.5 శాతం, అమ్మకం విలువ 50 లక్షలు దాటి కోటిలోపు ఉంటే దాని మీద 10 శాతం సర్‌చార్జి, ఆపైన 4 శాతం సెస్సు. కలిపితే 14.3 శాతం. తక్కువ కోయమని పన్ను శాఖ ఇచ్చే సర్టిఫికెట్ లేకపోతే దీన్ని లాభం మీద కాదు, మొత్తం 60 లక్షల మీద కోస్తారు: 8,58,000. ఆయన వాటా కొన్న ఖర్చు 24 లక్షలు, లాభం 36 లక్షలు, నిజంగా రావాల్సిన పన్ను సెస్సుతో కలిపి 4,68,000. 2024 జూలై 23 తర్వాత ఇండెక్సేషన్‌తో (కొన్న ధరను ద్రవ్యోల్బణం మేరకు పెంచి లెక్కించడం) 20 శాతం ఎంచుకునే వీలు రెసిడెంట్లకే మిగిలింది, ఆయనకు లేదు. తేడా 3,90,000 రూపాయలు రిఫండ్ వచ్చేదాకా ఇరుక్కుంటాయి కాబట్టి ఆయన ఫారం 13 మీద తక్కువ కోత సర్టిఫికెట్ తెచ్చుకుంటానన్నాడు. ఆయన స్థానంలో ఎవరున్నా అదే అంటారు.

అక్కడినుంచి గొలుసు మొదలైంది. సర్టిఫికెట్‌కు దరఖాస్తులో కొనేవాడి టాన్ నంబరు (పన్ను కోసేవాళ్లకు ఇచ్చే నంబరు) ఇవ్వాలి. అందుకని నేను ఫారం 49బీ మీద టాన్ తీసుకున్నాను, ఇండియా చిరునామాతో. అది రెండు వారాల్లోపు వచ్చింది. ఆ తర్వాత ఆయన ఫిబ్రవరిలో దరఖాస్తు పెట్టాడు: అగ్రిమెంట్ కాపీ, పాత సేల్ డీడ్, లాభం లెక్క, పాత రిటర్నులు. మార్చి మొదటి వారానికి గానీ మా సీఏ అసలు సంగతి బయటపెట్టలేదు. ఆ సర్టిఫికెట్ ఆ ఆర్థిక సంవత్సరానికే చెల్లుతుంది. మార్చి 31 లోపల చెల్లింపు అయిపోవాలి. మార్చి నెలాఖరులో అధికారి టేబుల్ మీద ఫైళ్లు ఎన్నుంటాయో చెప్పక్కర్లేదు. లోన్ డిస్బర్స్‌మెంటూ, రిజిస్ట్రేషనూ ఆ వారంలోనే పడాలి. ఎవరికీ ధైర్యం చాలలేదు. ఏప్రిల్‌లో కొత్త సంవత్సరానికి మళ్లీ దరఖాస్తు పెట్టించాం, మే మూడో వారంలో 7.8 శాతం రేటుతో వచ్చింది. సర్టిఫికెట్‌లో నా టాన్, మొత్తం, రేటు అన్నీ ఉంటాయి. అది జారీ అయిన తేదీకి ముందు చేసిన చెల్లింపులకు పనికిరాదు.

ఈ చివరి ముక్క అడ్వాన్సు దగ్గర పనికొచ్చింది. జనవరిలో అగ్రిమెంట్ రాసుకున్నప్పుడు పది లక్షల అడ్వాన్సు మొత్తం అన్నకే ఇచ్చాను, 10,000 కోసుకుని. తమ్ముడికి ఒక్క రూపాయి ఇచ్చినా, టాన్ ఉన్నా లేకపోయినా, ఆ రోజే 14.3 శాతం కోయాలి. అగ్రిమెంట్‌లో మూడు వాక్యాలు ప్రత్యేకంగా రాయించాను: టీడీఎస్ కోసుకునే ఇస్తాను, సర్టిఫికెట్ రావడానికి పట్టే ఆలస్యానికి వడ్డీ గానీ పెనాల్టీ గానీ ఉండదు, గడువు సర్టిఫికెట్ వచ్చాక 45 రోజులు. మూడు నెలల్లో రిజిస్ట్రేషన్ అనే మామూలు అగ్రిమెంట్ మీద సంతకం పెడితే ఈ వ్యవహారంలో గడువు దాటేసినట్టే.

మరి రెండు తనిఖీలు. అమ్మేవాళ్ల పాన్ చలామణిలో ఉందా లేదా ఇన్‌కమ్ ట్యాక్స్ పోర్టల్లో చూసుకోవాలి. ఆధార్ లింకు లేక నిలిచిపోయిన పాన్ అయితే 1 శాతం బదులు 20 శాతం కోయాల్సిన స్థితి వస్తుంది. విదేశాల్లో ఉండేవాళ్ల పాన్లు రెసిడెంట్ స్టేటస్ మార్చకపోవడం వల్ల ఇలా నిలిచిపోతుంటాయి, మనదీ చూసుకోవాలి. రెండోది ఖాతా. తమ్ముడు ఇచ్చిన ఖాతా నంబరు తను ఇండియాలో ఉన్నప్పటి మామూలు సేవింగ్స్ ఖాతా. ఎన్‌ఆర్‌ఓ ఖాతా క్యాన్సిల్డ్ చెక్కు ఇస్తేనే డబ్బు వేస్తానని పట్టుబట్టాను. ఆయన విసుక్కున్నాడు, కానీ తెచ్చాడు.

నేను రిజిస్ట్రేషన్‌కు రాలేకపోయాను. మా తమ్ముడికి స్పెషల్ పవర్ ఆఫ్ అటార్నీ ఇచ్చాను. రెండు దారులున్నాయి: ఇండియన్ కాన్సులేట్ అటెస్టేషన్, లేదా నోటరీ చేయించి అపోస్టిల్. నేను రెండోది ఎంచుకున్నాను. అపోస్టిల్ వేసేది నోటరీ ఉన్న రాష్ట్రపు సెక్రటరీ ఆఫ్ స్టేట్ ఆఫీసు. కొన్ని రాష్ట్రాల్లో ముందు కౌంటీ క్లర్కు ధ్రువీకరణ కావాలి. పోస్టులో పంపితే నెల తినేస్తుంది, స్వయంగా వెళ్లే వీలుంటే అదే నయం. ప్రతి పేజీ మీద సంతకం, నా ఫోటో, తమ్ముడి ఫోటో ఉండాలి. హైదరాబాద్ చేరాక మూడు నెలల్లోపు జిల్లా రిజిస్ట్రార్ ఆఫీసులో స్టాంపు డ్యూటీ కట్టి వ్యాలిడేషన్ చేయించాలి. ఈ మూడు నెలలూ కాగితం ఇండియాలో అడుగుపెట్టిన రోజునుంచి లెక్క కాబట్టి కొరియర్ కవరు పారేయకూడదు, తేదీకి అదే రుజువు.

పత్రంలో ఏం రాయాలన్నది అమెరికా నోటరీకి తెలియదు, మనమే డాక్యుమెంట్ రైటర్‌తో రాయించుకోవాలి. ఫ్లాటు నంబరు, అంతస్తు, చదరపు అడుగులు, విడదీయని భూమి వాటా ఎన్ని గజాలు, సర్వే నంబరు, నాలుగు హద్దులు పాత సేల్ డీడ్‌లో ఉన్నట్టే అక్షరం పొల్లుపోకుండా దిగాలి. అధికారాల్లో కొనడం, సంతకం చేయడం, రిజిస్ట్రార్ ముందు హాజరుకావడం, తాళాలు తీసుకోవడం, లోన్ పత్రాలు, మ్యుటేషన్, కరెంటు కనెక్షన్ మార్పు ఇవన్నీ విడివిడిగా రాయించాను. అమ్మే అధికారం రాయించలేదు. అచ్చు ఫార్మాట్లలో అది కూడా ఉంటుంది, కొట్టేయాలి.

పేరు సంగతి మన తెలుగువాళ్లకు ప్రత్యేకం. అమెరికా పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా చివర్లో, పాన్‌లో ముందు, పాత సర్టిఫికెట్లలో ఒక్క అక్షరం పొట్టిపేరుగా ఉంటుంది. సేల్ డీడ్‌లో పాస్‌పోర్టు పేరే రాయించి, పాన్‌ను దానికి తగ్గట్టు ముందే సవరించుకున్నాను. ఆధార్ విషయానికొస్తే, ఓసీఐలకు దరఖాస్తుకు ముందు పన్నెండు నెలల్లో 182 రోజులు ఇండియాలో ఉంటేనే అర్హత. నాకు లేదు. రిజిస్ట్రార్ ఆఫీసులో మొదట ఆధార్ లేకుండా ఎలా అన్నారు. పాస్‌పోర్టు, ఓసీఐ, పాన్ కాపీలు, పవర్ ఆఫ్ అటార్నీ పుచ్చుకున్న మా తమ్ముడి ఆధార్ పెట్టాక ఒప్పుకున్నారు. స్లాటు రోజు ఉదయాన్నే అక్కడ ఈ చర్చ పెట్టుకునే బదులు, వారం ముందు డాక్యుమెంట్ రైటర్ ద్వారా డ్రాఫ్టు చూపించుకుంటే నయం.

రిజిస్ట్రేషన్ ఖర్చు తెలంగాణలో ఫ్లాటుకు స్టాంపు, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం. నాకు 9 లక్షలైంది. మ్యుటేషన్ ఫీజు అదనం. లాయరుకు, సీఏకు, అపోస్టిల్‌కు, కొరియర్లకు కలిపి మరో 80 వేల దాకా అయింది. అందులో సగానికి పైగా సీఏకే, 195 వ్యవహారం వల్ల.

సేల్ డీడ్‌లో డబ్బు పేరాను మాత్రం డాక్యుమెంట్ రైటర్‌కు వదలకండి. "మొత్తం ముట్టినది" అని ఒక్క ముక్కలో రాసేస్తారు. నేను ప్రతి చెల్లింపుకూ తేదీ, యూటీఆర్ నంబరు (బ్యాంకు బదిలీ గుర్తు నంబరు), బ్యాంకు పేరు, "కొనుగోలుదారుని ఎన్‌ఆర్‌ఈ ఖాతా నుండి" అన్న మాట, కోసిన టీడీఎస్, చలాను నంబరు విడివిడిగా రాయించాను. రైటరు పేజీ పెరుగుతుందన్నాడు. పెరగనీ. లోన్ భాగం బ్యాంకు డీడీలుగా తెచ్చింది. ఆ మొత్తం మీద టీడీఎస్ కూడా నా చేతినుంచే కట్టాలి, చలాన్లు చూపించాకే బ్యాంకు మనిషి డీడీలు బయటపెట్టాడు. అందుకని చలాన్లు ముందు రోజే సిద్ధంగా ఉండాలి.

రిజిస్ట్రేషన్ తర్వాత పని తగ్గుతుందనుకుంటాం, కానీ గడువులు అప్పుడే మొదలవుతాయి (నాలా చలాన్లు ముందే కట్టేస్తే రిటర్నుల పని మిగులుతుంది). అమ్మిన అన్న టీడీఎస్‌కు 26క్యూబీ, కోసిన నెల ముగిశాక 30 రోజుల్లోపు. దాటితే రోజుకు 200 లేటు ఫీజు. ఆస్ట్రేలియాలో ఉన్న ఆయన తమ్ముడి టీడీఎస్ మరుసటి నెల 7వ తేదీలోపు కట్టి, త్రైమాసికానికి 27క్యూ రిటర్ను వేసి, 16ఏ (టీడీఎస్ కట్టినట్టు సర్టిఫికెట్) తీసి ఆయనకు ఇవ్వాలి. విదేశం నుంచి ట్రేసెస్ (పన్ను శాఖ టీడీఎస్ సైటు) తెరవాలంటే ఎన్‌ఆర్‌ఐల కోసం వేరే సైటుంది, మామూలు సైటు తెరుచుకోకపోతే కంగారు పడక్కర్లేదు. అమెరికా వైపు చూస్తే, సొంత పేరున ఉన్న ఫ్లాటును ఎఫ్‌బార్‌లో (విదేశీ ఖాతాల గురించి అమెరికా ప్రభుత్వానికి ఇచ్చే నివేదిక) చూపక్కర్లేదు. కానీ దానికోసం నింపిన ఎన్‌ఆర్‌ఈ, ఎన్‌ఆర్‌ఓ ఖాతాల మొత్తం ఏడాదిలో ఏ రోజైనా 10,000 డాలర్లు దాటితే చూపాలి. ఇండియాలో పన్ను లేని ఎన్‌ఆర్‌ఈ వడ్డీ మీద అమెరికాలో పన్ను ఉంది.

ఇప్పుడు ఫ్లాటు అద్దెకు ఇవ్వాలి. ఇక్కడా అదే సెక్షన్ 195 ఎదురైంది. యజమాని నాన్-రెసిడెంట్ అయితే అద్దె ఎంత చిన్నదైనా కిరాయిదారు సెస్సుతో కలిపి 31.2 శాతం కోసి, టాన్ తీసుకుని, ప్రతి త్రైమాసికం 27క్యూ వేయాలి. మొదట వచ్చిన ఇద్దరు కిరాయిదారులు ఈ మాట వినగానే వెనక్కి తగ్గారు. వాళ్ల తప్పేమీ లేదు. ఒక కంపెనీ తన ఉద్యోగి కోసం లీజుకు తీసుకుంటే కంపెనీకి టాన్ ఎలాగూ ఉంటుంది కాబట్టి ఆ దారి చూస్తున్నాను. అద్దె ఒప్పందంలో ఖాతా మాత్రం ఎన్‌ఆర్‌ఓదే రాయాలి, అద్దె నేరుగా మా తమ్ముడి ఖాతాకు పోకూడదు.